గ్రహ నీహారికల కేంద్రాలలోని జంటతారలు

సూర్యునివంటి నక్షత్రాలు తమ జీవితం చివరి దశలో పైపొరలను అంతరిక్షంలోకి విడిచిపెడతాయి. అలా విడివడి వెలిగే వాయుమేఘాన్ని గ్రహ నీహారిక అంటారు. ఈ మేఘం నడుమ ఉండే నక్షత్రాన్ని కేంద్ర తార అంటారు. అనేక గ్రహ నీహారికలలో ఈ కేంద్ర తార ఒంటరిది కాదు. దానితోపాటు మరొక నక్షత్రం ఉండి, రెండూ పరస్పరం పరిభ్రమిస్తూ ఉంటాయి. ఇటువంటి జోడీలనే గ్రహ నీహారికల కేంద్రాలలోని జంటతారలు అని వ్యవహరిస్తారు. గ్రహ నీహారికలలో గుండ్రనివి తక్కువ. సీతాకోకచిలుక, గంటగడియారం, హారం వంటి ఆకారాలు గలవి ఎక్కువ. ఈ ఆకారాలకు కారణం ఏమిటన్న ప్రశ్నకు ఖగోళ శాస్త్రజ్ఞులు ఇస్తున్న సమాధానాలలో నేడు ముఖ్యమైనది ఈ రెండవ నక్షత్రమే. అయితే ఆ సమాధానం అన్ని నీహారికలకూ సరిపోతుందా అన్నది ఇంకా తేలలేదు. మన సూర్యుడు ఒంటరి నక్షత్రం గనుక, దాని అంత్యదశ ఎలా ఉంటుందన్న విషయం కూడా ఈ ప్రశ్నతో ముడిపడి ఉన్నది.

పేరు

గ్రహ నీహారికలకూ గ్రహాలకూ ఏ సంబంధమూ లేదు. 1781లో యురేనస్ గ్రహాన్ని కనుగొన్న విలియం హెర్షెల్, ఆ తరువాతి సంవత్సరాలలో తన దూరదర్శినితో ఆకాశాన్ని వరుసగా గాలిస్తూ, చిన్న బిళ్ళల్లాగా, మసకగా కనబడే కొన్ని వస్తువులను చూశాడు. అవి చూడటానికి యురేనస్ బింబంలాగానే ఉండటంతో 1785లో వాటికి ఈ పేరు పెట్టాడు. పేరు తప్పని తెలిసిన తరువాత కూడా అది మారలేదు. తెలుగులో నీహారం అంటే మంచు కాబట్టి ఈ జంటపదంలో "నీహారిక" అన్న సగం మాత్రం వస్తువుకు చక్కగా అమరింది. "గ్రహ" అన్న సగమే పాఠకుణ్ణి తప్పుదారి పట్టిస్తుంది.

హెర్షెల్ మొదట నీహారికలన్నీ దూరపు నక్షత్రాల గుంపులేననీ, తగినంత పెద్ద దూరదర్శినితో చూస్తే నక్షత్రాలుగా విడిపోతాయనీ నమ్మేవాడు. 1790 నవంబరు 13వ తేదీ రాత్రి వృషభ రాశిలో ఒక నక్షత్రాన్ని, దాని చుట్టూ అన్ని వైపులా సమంగా పరచుకున్న పలుచని వెలుగును చూసి ఆ అభిప్రాయాన్ని మార్చుకున్నాడు. నక్షత్రం సరిగ్గా వెలుగు నడుమ ఉన్నది కాబట్టి రెండింటికీ సంబంధం ఉండి తీరాలి. ఆ వెలుగు నక్షత్రాల గుంపే అయితే, నడుమనున్న ఒక్క నక్షత్రమూ మిగతావాటికన్నా నమ్మశక్యం కానంత పెద్దదై ఉండాలి. కాబట్టి అది నక్షత్రాలతో కూడినది కాదు, మరేదో వెలిగే పదార్థం అని తేల్చాడు. ఆ వస్తువును నేడు ఎన్‌జీసీ 1514 అంటారు. హెర్షెల్ చూసిన ఆ ఒక్క నక్షత్రం నిజానికి రెండు నక్షత్రాలు. ఆ సంగతి ఈ వ్యాసంలో ముందు వస్తుంది.

ఆ పదార్థం వాయువేనని 1864 ఆగస్టు 29న విలియం హగ్గిన్స్ నిరూపించాడు. డ్రాకో తారారాశిలోని ఎన్‌జీసీ 6543 (పిల్లికన్ను నీహారిక) వెలుగును వర్ణపటదర్శినిలో చూసినప్పుడు, నక్షత్రాలకు కనబడే ఇంద్రధనుస్సు వంటి పట్టీకి బదులు విడివిడిగా ప్రకాశించే రేఖలు కనబడ్డాయి. అలా కనబడటం పలుచని వాయువు లక్షణం. వాటిలో ఆకుపచ్చని రేఖలు భూమి మీద ఏ మూలకానికీ సరిపోలక చాలాకాలం పాటు "నెబ్యూలియం" అనే కొత్త మూలకానివిగా భావించబడ్డాయి. అవి రెండు ఎలక్ట్రాన్లు కోల్పోయిన ఆక్సిజన్ అయానువని 1927లో ఐరా బోవెన్ వివరించాడు.

ఒంటరి నక్షత్రం కథ

సూర్యుని ద్రవ్యరాశికి సుమారు 1 నుండి 8 రెట్ల వరకు ఉన్న నక్షత్రాలు, కేంద్రంలోని హైడ్రోజన్, ఆపైన హీలియం అయిపోయిన తరువాత బాగా ఉబ్బి అరుణ మహాతారలు అవుతాయి. అప్పుడు వాటి వ్యాసార్ధం సూర్యునికన్నా వందల రెట్లు ఉంటుంది. పైపొరలపై పట్టు సడలి, అవి సెకనుకు పది, ఇరవై కిలోమీటర్ల వేగంతో మెల్లని తారాపవనంగా బయటికి పోతాయి. చివరికి లోపలి వేడి గర్భం బయటపడుతుంది. దాని ఉష్ణోగ్రత లక్ష డిగ్రీలు కూడా దాటవచ్చు. అది వెదజల్లే అతినీలలోహిత కాంతి, విడివడిన వాయువును అయనీకరించి వెలిగిస్తుంది. అరుణ మహాతార, గ్రహ నీహారిక, శ్వేత కుబ్జతార అనే మూడూ ఒకే నక్షత్రపు వరుస దశలని 1956లో సోవియట్ శాస్త్రజ్ఞుడు యోసిఫ్ ష్క్లోవ్‌స్కీ ప్రతిపాదించాడు.

1978లో సన్ క్వాక్, ఆయన సహచరులు దీనికి మరొక మెట్టు చేర్చారు. బయటపడిన వేడి గర్భం నుండి పలుచని, అతి వేగమైన పవనం వీస్తుంది. అది ముందుగా పోయిన మెల్లని, దట్టమైన పవనాన్ని వెనుకనుండి తాకి, మంచును పారతో ఒక చోటికి తోసినట్టు, ఒక పెంకులాగా కూడగడుతుంది. మనకు కనబడే నీహారిక ఆ పెంకే. ఇది కొన్ని పదుల వేల సంవత్సరాలలో వ్యాపించి, పలుచబడి, మాయమవుతుంది. నక్షత్రాల ఆయుర్దాయం వందల కోట్ల సంవత్సరాలలో ఉంటుంది కాబట్టి ఇది రెప్పపాటు కాలమే. ఇంత స్వల్పకాలం నిలిచే వస్తువులు మన పాలపుంతలో ఇప్పటికి 3,500కు పైగా కనుగొనబడ్డాయి.

ఆకారాల చిక్కు

పైన చెప్పిన కథలో ఒక లోపం ఉన్నది. నక్షత్రం గుండ్రనిది, దాని పవనం అన్ని వైపులకూ సమంగా వీస్తుంది, అప్పుడు నీహారిక కూడా గుండ్రంగానే ఉండాలి. కాని గుండ్రని గ్రహ నీహారికలు సుమారు ఐదింట ఒకటి మాత్రమే. తక్కినవి కోలగానో, నడుము సన్నగా ఉండి రెండు వైపులా ఉబ్బిన తమ్మెల జతగానో, ఎదురెదురు దిక్కులలో ధారలు చిమ్ముతూనో కనబడతాయి. మెల్లని పవనమే నడిమి తలంలో దట్టంగా, ధ్రువాల వైపు పలుచగా ఉంటే, వేగపు పవనం అడ్డు తక్కువ ఉన్న ధ్రువాల వైపు దూసుకుపోయి రెండు తమ్మెలను చేస్తుంది. ఇంతవరకు బాగానే ఉన్నది. నడిమి తలంలో ఆ దట్టమైన పట్టీని చుట్టినది ఎవరు అన్నదే ప్రశ్న.

నక్షత్రపు ఆత్మభ్రమణం, అయస్కాంత క్షేత్రం కలిసి ఈ పని చేయవచ్చునని కొందరు వాదించారు. 2005లో కొన్ని కేంద్ర తారలలో బలమైన అయస్కాంత క్షేత్రాలు కనబడ్డాయన్న ప్రకటన ఈ వాదానికి ఊపునిచ్చింది. తరువాతి కొలతలలో అవి నిలబడలేదు. మొదట ప్రకటించినవారే 2012లో తిరిగి పరిశీలించి, ఆ క్షేత్రాలు లేవని తేల్చారు. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. నక్షత్రం వందల రెట్లు ఉబ్బినప్పుడు, చేతులు చాచిన నర్తకి మెల్లగా తిరిగినట్లు, దాని భ్రమణం బాగా మందగిస్తుంది. క్షేత్రాన్ని పోషించడానికి కావలసిన భ్రమణాన్ని బయటనుండి ఎవరైనా అందించాలి. ఆ "ఎవరైనా" అన్నది సహచర తారే కావచ్చునని నోమ్ సోకర్ వంటివారు చాలాకాలంగా వాదిస్తూ వచ్చారు. అంటే అయస్కాంత వాదాన్ని అంగీకరించినా, చుట్టుతిరిగి జంటతార దగ్గరికే రావలసి వస్తున్నది.

జంటను గుర్తించే పద్ధతులు

ఈ జంటలు చాలా దగ్గరగా ఉండటం వలన దూరదర్శినిలో రెండు చుక్కలుగా విడిపోవు. కాబట్టి పరోక్ష పద్ధతులే శరణ్యం.

ఒకటి గ్రహణం. కక్ష్యా తలం మన చూపు దిక్కుకు అంచుగా ఉంటే ఒక తార మరొకదాన్ని నియతకాలికంగా కప్పుతుంది. వెలుగు తగ్గి మళ్ళీ పెరుగుతుంది. రెండవది ప్రతిఫలన ప్రభావం. వేడి తార తన సహచరి ముఖాన్ని ఒక వైపే కాలుస్తుంది. ఆ వేడెక్కిన ముఖం మన వైపు తిరిగినప్పుడు వెలుగు ఎక్కువ, అవతలికి తిరిగినప్పుడు తక్కువ. నిజానికి ఇక్కడ ప్రతిఫలనం ఏమీ లేదు. సహచరి ఆ వేడిని పీల్చుకొని తిరిగి తన వెలుగుగా విడుస్తుంది. పాత పేరే వాడుకలో నిలిచిపోయింది. మూడవది సహచరి గురుత్వం వలన ఒక తార కోడిగుడ్డులాగా సాగి, తిరిగేటప్పుడు దాని కనబడే వైశాల్యం మారడం. ఈ మూడింటికీ కాంతిని పదే పదే కొలిస్తే చాలు. నాలుగవ పద్ధతిలో వర్ణపట రేఖలు డాప్లర్ ప్రభావం వలన అటూ ఇటూ జరగడాన్ని కొలుస్తారు. ఇది కష్టమైనది, ఎందుకంటే నీహారిక వెలుగు తార రేఖల మీద పడి వాటిని మరుగుపరుస్తుంది. తార పవనం కూడా రేఖలను కదిలించి లేని జంటను ఉన్నట్లు చూపిస్తుంది.

మొదటి మూడు పద్ధతులూ దగ్గరి జంటలకే పనికివస్తాయన్నది గుర్తుంచుకోవాలి. కక్ష్యాకాలం కొన్ని వారాలు దాటితే కాంతిలో మార్పు కొలవలేనంత స్వల్పమవుతుంది. తేలికగా దొరికే జంటలే మన జాబితాలకు ఎక్కాయి. దొరకనివి లేవని దీని అర్థం కాదు.

యు.యు. సజిటే

ఈ విషయంలో మైలురాయిగా చెప్పదగినది సజిట్టా (బాణం) తారారాశిలోని యు.యు. సజిటే అనే తార. అది వెలుగు మారే తార అని ముందే తెలుసు. అది ఏబెల్ 63 అనే మసక గ్రహ నీహారిక నడుమ ఉన్నదనీ, గ్రహణ జంటతార అనీ 1976లో హోవర్డ్ బాండ్ గుర్తించాడు. కక్ష్యాకాలం 0.465 రోజు, అనగా 11 గంటల 10 నిమిషాలు. వేడి కేంద్ర తారను, దానికన్నా పెద్దదైన చల్లని ఎర్రని మరుగుజ్జు తార ప్రతి చుట్టులోనూ పూర్తిగా కప్పివేస్తుంది.

కెప్లర్ నియమం ప్రకారం లెక్కిస్తే, రెండింటి కేంద్రాల మధ్య దూరం సుమారు 17 లక్షల కిలోమీటర్లు. సూర్యుని వ్యాసమే 14 లక్షల కిలోమీటర్లు. అంటే ఈ జంట మొత్తాన్ని సూర్యుని బింబం కన్నా అంతగా పెద్దది కాని చోటులో ఇమడ్చవచ్చు. కాని ఈ రెండింటిలో వేడి తార ఒకప్పుడు అరుణ మహాతార. అప్పుడు దాని వ్యాసార్ధమే ఇప్పటి దూరానికి ఎన్నో పదుల రెట్లు. అటువంటి తార పక్కన మరొక తార ఇంత దగ్గరగా ఎలా ఉండగలిగింది? ఉండలేదు. ఇప్పుడు సహచరి తిరుగుతున్న చోటు, అప్పట్లో మహాతార కడుపు లోపల ఉండేది.

ఉమ్మడి ఆవరణం

ఈ వింతకు వివరణను అదే సంవత్సరం, 1976లో, పోలండు శాస్త్రజ్ఞుడు బోదాన్ పచిన్‌స్కీ ప్రచురించాడు. మొదట రెండు తారలూ కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటాయి. పెద్ద తార ఉబ్బినప్పుడు, తన గురుత్వం పనిచేసే హద్దు (దీనిని రోష్ హద్దు అంటారు) దాటి దాని వాయువు సహచరి వైపు పొర్లుతుంది. సహచరి అంత వాయువును అంత వేగంగా మింగలేదు. వాయువు ఇద్దరి చుట్టూ పేరుకొని, చివరకు సహచరి మహాతార పైపొరలలో మునిగిపోతుంది. ఒకే దుప్పటి కింద ఒక వైపు మహాతార గర్భం, మరొక వైపు సహచరి. ఈ దశనే ఉమ్మడి ఆవరణం అంటారు.

వాయువుతో రాపిడి వలన సహచరి వేగం కోల్పోయి, సర్పిలాకారంలో లోపలికి దిగుతుంది. కోల్పోయిన కక్ష్యాశక్తి ఆవరణానికి చేరి దానిని వేడెక్కించి, తోసి, చివరకు పూర్తిగా ఊడదీస్తుంది. ఊడిన వాయువులో ఎక్కువ భాగం కక్ష్యా తలంలోనే పరచుకుంటుంది. అనగా, ముందు అడిగిన నడిమి పట్టీని చుట్టినది సహచరే. ఆవరణం సమయానికి ఊడిపోతే గంటల, రోజుల కక్ష్యాకాలం గల దగ్గరి జంట మిగులుతుంది. ఊడకపోతే రెండూ కలిసిపోయి ఒకటే తార మిగులుతుంది.

ఈ దిగుడు ఘట్టం ఎంతకాలం పడుతుంది? లెక్కలనుబట్టి సంవత్సరాలు, ఒక్కొక్కప్పుడు అంతకన్నా తక్కువ. కోట్ల సంవత్సరాల జీవితంలో ఇంత చిన్న ఘట్టాన్ని నేరుగా చూడటం బహు కష్టం. కంప్యూటరులో దీనిని ఆసాంతం నడిపించడం కూడా నేటికీ గట్టి సమస్యే. అనేక నమూనాలలో సహచరి దిగుతుంది గాని ఆవరణం పూర్తిగా ఊడదు. రెండు శ్వేత కుబ్జతారలు, రెండు నల్ల బిలాలు వంటి అనేక దగ్గరి జంటల పుట్టుకను వివరించడానికి ఖగోళశాస్త్రం ఈ దశ మీదనే ఆధారపడుతున్నది. ఆ దశ ముగిసి కొన్ని వేల సంవత్సరాలే అయినదని నిశ్చయంగా చెప్పగలిగే జంటలు గ్రహ నీహారికల నడుమ ఉన్నవే. చుట్టూ ఉన్న మేఘమే అందుకు సాక్ష్యం. ఈ చిన్న వర్గపు తారలపై ఇంత శ్రద్ధ ఎందుకని అడిగేవారికి ఇదే సమాధానం.

అక్షాల సాక్ష్యం

నీహారిక నడుమ జంట ఉన్నంత మాత్రాన ఆకారానికి ఆ జంటే కారణమని చెప్పలేము. కాని ఆ సిద్ధాంతం ఒక గట్టి జోస్యం చెబుతుంది: నీహారిక పొడవు అక్షం, జంట కక్ష్యా తలానికి లంబంగా ఉండాలి. కక్ష్య వాలును కాంతి మార్పులనుండి, నీహారిక వాలును వాయువు వేగాలనుండి వేర్వేరుగా కొలవవచ్చు. ఈ పరీక్ష మొదటిసారి నెగ్గినది ఏబెల్ 63లోనే, 2007లో. తరువాత మరికొన్ని నీహారికలలో కొలిచారు. 2016లో టాడ్ హిల్‌విగ్ బృందం ఎన్‌జీసీ 6337, షాప్లీ 1 అనే రెండింటిని ఈ జాబితాకు చేర్చింది. అప్పటివరకు పరీక్షించిన ప్రతి జంటలోనూ రెండు వాలులూ కలిశాయి. కాకతాళీయం అనడానికి వీలులేదు.

ఈ చివరి రెండింటిలో మరొక పాఠం ఉన్నది. రెండూ మనకు చక్కని ఉంగరాలుగా కనబడతాయి. గుండ్రని నీహారికలని ఎవరైనా భ్రమపడతారు. వాస్తవానికి వాటి అక్షం దాదాపు మన చూపు దిక్కులోనే ఉన్నది. మద్దెలను పక్కనుండి కాక ఒక మూతవైపు నుండి చూస్తే గుండ్రంగా కనబడుతుంది, ఇదీ అంతే. కాబట్టి ఫోటోలో గుండ్రంగా ఉన్న నీహారికలన్నీ నిజంగా గుండ్రనివి కావు.

ధారలు, హారాలు, కలుషితమైన సహచరులు

సెంటారస్ తారారాశిలోని ఫ్లెమింగ్ 1 అనే నీహారికకు రెండు వైపులా, ఎస్ ఆకారంలో వంకర తిరిగిన ముడుల వరుసలు ఉన్నాయి. తిరిగే బొంగరం వలె దిశ మార్చుకునే ధారలు వాటిని చిమ్మి ఉంటాయని, అందుకు జంటతార కావాలని అనుమానం ఉండేది. 2012లో హెన్రీ బాఫిన్ బృందం చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోపుతో పరిశీలించి, సుమారు 1.2 రోజుల కక్ష్యాకాలం గల జంటను అక్కడ కనుగొన్నది. ధారలు లోపలి నీహారికకన్నా పాతవి కావడం విశేషం. అనగా సహచరి మునగకముందే మహాతార పవనాన్ని లాక్కొని, తన చుట్టూ ఒక పళ్ళెం ఏర్పరచుకొని, దాని నుండి ధారలు చిమ్మింది.

మళ్ళీ సజిట్టా తారారాశిలోనే, 2005లో కనుగొనబడిన హార నీహారిక ఉన్నది. వెలిగే ముడులు పూసలవలె వరుసగా పొదిగిన ఉంగరం కనుక దానికి ఆ పేరు. దాని జంట కక్ష్యాకాలం 1.16 రోజులు. ఇందులోని సహచరి సాధారణ చిన్న తార అయినప్పటికీ దాని వాతావరణంలో కర్బనం అధికంగా ఉన్నది. కర్బనాన్ని తయారుచేసే వయసు దానికి ఇంకా రాలేదు. పక్కనున్న మహాతార వండినదాన్ని అది ఆరగించిందన్నమాట. ఇదే విధంగా వీబో 1, ఏబెల్ 70 అనే నీహారికలలోని చల్లని సహచరులలో బేరియం ఎక్కువగా కనబడింది.

రసాయన విషయంలో ఇంకొక అంతుచిక్కని సంగతి. నీహారికలో ఆక్సిజన్ ఎంత ఉన్నదో రెండు రకాల వర్ణపట రేఖలతో కొలవవచ్చు. రెండూ ఒకే జవాబు ఇవ్వాలి. సాధారణంగా రెండు, మూడు రెట్ల తేడా వస్తుంది. ఏబెల్ 46 వంటి దగ్గరి జంటలున్న కొన్ని నీహారికలలో తేడా పదుల రెట్లు, వంద రెట్లు దాటుతుంది. వేడి వాయువు నడుమ చల్లని, బరువు మూలకాలు మెండుగా ఉన్న మరొక వాయువు దాగి ఉంటే ఇలా జరుగుతుంది. ఆ రెండవ వాయువును జంటతార ఎప్పుడు, ఎలా విడిచిందో ఎవరూ ఇంకా తృప్తికరంగా చెప్పలేదు.

హెనైజ్ 2-428: తారుమారైన తీర్పు

రెండు తారలూ శ్వేత కుబ్జతారలయ్యే దశకు చేరిన జంటలు కూడా కొన్ని ఉన్నాయి. అవి గురుత్వ తరంగాల రూపంలో శక్తిని కోల్పోతూ, మెల్లగా దగ్గరై, చివరికి కలుస్తాయి. మొత్తం ద్రవ్యరాశి చంద్రశేఖర్ అవధిని (సూర్యుని ద్రవ్యరాశికి సుమారు 1.4 రెట్లు) దాటితే, ఒకటో ఎ రకపు సూపర్‌నోవాగా పేలవచ్చు. విశ్వపు దూరాలను కొలవడానికి ఈ పేలుళ్ళే కొలబద్దలు. కాని వాటికి పూర్వరూపమైన జంట ఏదో చూపించమంటే చూపడం కష్టంగా ఉండేది.

2015లో మిగెల్ సంతాందెర్-గార్సియా బృందం, అక్విలా (గరుడ) తారారాశిలోని హెనైజ్ 2-428 నీహారికలో 4.2 గంటల కక్ష్యాకాలం గల జంటను కనుగొన్నామని, మొత్తం ద్రవ్యరాశి సూర్యునికి 1.76 రెట్లని, 70 కోట్ల సంవత్సరాలలో రెండూ కలుస్తాయని నేచర్ పత్రికలో ప్రకటించింది. వార్త లోకమంతా పాకింది. 2020లో నికోల్ రైండ్ల్ బృందం అదే జంటను మెరుగైన వర్ణపటాలతో తిరిగి పరిశీలించింది. మొదటి కొలతకు వాడిన హీలియం రేఖలో, మధ్యలోని అంతరతారా పదార్థం వలన కలిగినదిగా తోచే మరొక రేఖ కలిసిపోయిందని గమనించింది. దానిని తీసివేస్తే వేగాలు తగ్గాయి. వేగాలతో పాటు ద్రవ్యరాశులు 0.66, 0.42 రెట్లకు పడిపోయాయి. మొత్తం 1.08. అవధికి చాలా దిగువ. నీహారిక నడుమనున్న తారల వర్ణపటాన్ని చదవడం ఎంత జాగ్రత్త కోరే పనో దీనివలన తెలుస్తుంది.

దూరపు జంట: మళ్ళీ ఎన్‌జీసీ 1514

హెర్షెల్ తారకు తిరిగి వద్దాము. దాని నడుమ కనబడే తార ఉష్ణోగ్రత సుమారు పది వేల డిగ్రీలే. ఆ వేడి నీహారికను వెలిగించడానికి చాలదు. కాబట్టి దాని వెలుగులో మరుగున పడిన అతి వేడి సహచరి ఉండాలని చాలాకాలంగా అనుకునేవారు. ఆ కదలికను పట్టడానికి సంవత్సరాల తరబడి వేగాలను కొలవవలసి వచ్చింది. 2017లో డేవిడ్ జోన్స్ బృందం కక్ష్యాకాలం సుమారు 3,300 రోజులు, అంటే తొమ్మిదేళ్ళని ప్రకటించింది. గ్రహ నీహారికల కేంద్రాలలో కొలవబడిన కక్ష్యాకాలాలలో అప్పటికి ఇదే అతి పెద్దది. ఇంత దూరపు సహచరి ఏబెల్ 63లోలాగా లోపలికి దిగిపోలేదు. అయినా సాగిన కక్ష్యలో తిరుగుతూ, పవనాన్ని మలచింది. 2010లో వైజ్ ఉపగ్రహపు పరారుణ చిత్రాలలో ఈ నీహారిక చుట్టూ రెండు పెద్ద ఉంగరాలు కనబడ్డాయి. జేమ్స్ వెబ్ దూరదర్శిని తీసిన చిత్రాలు 2025లో వెలువడి, వాటి అల్లికను స్పష్టంగా చూపాయి. హెర్షెల్ కంటికి అన్ని వైపులా సమంగా తోచిన వెలుగు చుట్టూ ఇంత కథ దాగి ఉన్నది.

లెక్క కుదరని చోటు

గుండ్రనివి కాని నీహారికలు సుమారు 80 శాతం. దగ్గరి జంటలున్నవని లెక్క తేలినవి ఎన్ని? పాలపుంత నడిమి ఉబ్బును ఏళ్ళ తరబడి ఫోటో తీసిన ఓగిల్ సర్వే సమాచారాన్ని వాడి, 2009లో బ్రెంట్ మిషాల్‌స్కీ బృందం 17 శాతమని అంచనా వేసింది. కెప్లర్ ఉపగ్రహం పరిశీలించిన 204 నీహారికల నుండి 2021లో జార్జి జాకోబీ బృందం తేల్చిన అంచనా 20.7 శాతం. రెండు వేర్వేరు పద్ధతులు దాదాపు ఒకే చోటికి వచ్చాయి కాబట్టి అంకెను నమ్మవచ్చు. కాని 80కి, 20కి మధ్య పెద్ద అగాధం ఉన్నది.

దీనిని పూడ్చడానికి మూడు దారులు చెబుతారు. ఎన్‌జీసీ 1514 వంటి దూరపు జంటలు అనేకం ఉండి, మన పద్ధతులకు దొరకడం లేదన్నది మొదటిది. సహచరి పూర్తిగా కలిసిపోయి, ఇప్పుడు ఒంటరిగా కనబడే తారలున్నాయన్నది రెండవది. సహచరి తార కానక్కరలేదు, పెద్ద గ్రహమైనా చాలునన్నది మూడవది. అదే నిజమైతే హెర్షెల్ పెట్టిన తప్పుడు పేరు కొన్ని నీహారికలకైనా ఒప్పవుతుంది! 2020లో లేన్ డెసిన్ బృందం చిలీలోని ఆల్మా రేడియో దూరదర్శినులతో ముసలి మహాతారల పవనాలను పరిశీలించగా, ఒక్కటి కూడా నున్నని గోళంగా లేదు. సర్పిలాలు, పళ్ళేలు, వంపులు కనబడ్డాయి. నీహారిక కాకముందే ఆకారం మొదలవుతున్నదన్నమాట.

సూర్యుని విషయం ఇక్కడ వస్తుంది. ఆకారం మాత్రమే కాక, ప్రకాశవంతమైన నీహారిక ఏర్పడటానికే సహచరి కావాలని కొందరు శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఒంటరి తార పవనం నీహారికగా వెలిగేలోపే చెదిరిపోతుందని వారి వాదం. దీని ప్రకారం, సుమారు 500 కోట్ల సంవత్సరాల తరువాత సూర్యుడు ఏ నీహారికా లేకుండానే శ్వేత కుబ్జతారగా మారవచ్చు. దీనికి భిన్నంగా, గర్భం త్వరగా వేడెక్కుతుందన్న కొత్త లెక్కల ఆధారంగా, సూర్యునికి మసకదే అయినా కనబడే నీహారిక ఏర్పడుతుందని 2018లో గెసిట్‌స్కీ, జైల్‌స్ట్రా, మిల్లర్ బెర్తొలామి చూపారు. బృహస్పతి, శని గ్రహాలు ఆ చివరి పవనంలో బలహీనమైన సర్పిల రేఖను ముద్రించవచ్చునని డెసిన్ బృందం భావిస్తున్నది.

మన ఆకాశంలో

శ్రీహరికోట నుండి 2015 సెప్టెంబరు 28న ప్రయోగించబడిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహంలోని అతినీలలోహిత దూరదర్శినితో, బెంగుళూరులోని భారతీయ ఖగోళభౌతిక సంస్థకు చెందిన ఎన్. కామేశ్వరరావు, ఆయన సహచరులు సీతాకోకచిలుక ఆకారపు ఎన్‌జీసీ 6302 నీహారికను పరిశీలించి, మామూలు వెలుగులో కనబడని విశాలమైన వలయాన్ని దాని చుట్టూ 2018లో కనుగొన్నారు.

తెలుగునాట నుండి చిన్న దూరదర్శినితో చూడదలచినవారికి ఎన్‌జీసీ 1514 చలికాలపు రాత్రులలో దాదాపు నడినెత్తికి దగ్గరగా వస్తుంది. అందులోని తార తేలికగానే కనబడుతుంది. చుట్టూ ఉన్న వెలుగు కనబడాలంటే ఊరి దీపాలకు దూరంగా పోవాలి. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలలలో దక్షిణాన వేలా తారారాశిలోని ఎన్‌జీసీ 3132 (దక్షిణ ఉంగర నీహారిక) చూడవచ్చు. దిగంతంపైన ముప్ఫై డిగ్రీలకు మించి పెద్దగా లేవదు కాబట్టి దక్షిణం వైపు అడ్డు లేని చోటు కావాలి. 2022 జులై 12న వెబ్ దూరదర్శిని మొదటి చిత్రాలలో ఒకటిగా వెలువడినది ఈ నీహారికే. ఆ చిత్రాల ఆధారంగా ఓర్సొలా డి మార్కో బృందం, ఇక్కడ రెండు కాదు, కనీసం నాలుగు తారలు కలిసి ఈ మేఘాన్ని మలచి ఉంటాయని వాదించింది. చిన్న దూరదర్శినిలో నడుమ ప్రకాశంగా కనబడే తార నీహారికను విడిచినది కాదు. ఆ పని చేసినది దాని పక్కనున్న మసక చుక్క. అది అంత సులువుగా కంటికి ఆనదు.